డ్రిల్ బ్యాటరీ డెడ్ అయిందా? లోపలి సెల్స్ మార్చే పద్ధతి ఇదీ

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి, అందులో సెల్స్ తీసి డ్రిల్లుకు వేద్దామనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి. తిరుపతిలో ఈ పని చేసి చూడనివాళ్లు తక్కువ. గాల్లో తిప్పితే డ్రిల్లు బ్రహ్మాండంగా తిరుగుతుంది. బిట్టు గోడలో అంగుళం దిగాక మూలుగుతుంది, ఆగిపోతుంది. "అన్నా, సెల్స్ మార్చినా గూడా పండుకునేసింది" అంటూ డబ్బా పట్టుకుని వస్తారు.

లెక్క చూడండి. 18 వోల్టుల ప్యాక్‌లో వరసగా ఐదు సెల్స్ ఉంటాయి. అరిగిపోయిన సెల్ ఒక్కోదానికి లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, 60 మిల్లీ ఓమ్‌లు అనుకుందాం. ఐదూ కలిపితే 0.3 ఓమ్. డ్రిల్లు బరువు మీద 20 ఆంపియర్లు లాగితే 6 వోల్టులు ఆ సెల్స్ లోపలే వేడిగా పోతాయి. మోటారుకు చేరేది 12. అదే 20 మిల్లీ ఓమ్‌ల మంచి సెల్స్ అయితే పోయేది 2 వోల్టులే. డ్రిల్లుకు కావలసింది పెద్ద ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే) అంకె కాదు, అడిగిన వెంటనే ఆంపియర్లు ఇచ్చే సెల్.

ముందు నిజంగా పోయిందో లేదో చూడండి

ఫుల్ ఛార్జ్ చేసి మల్టీమీటర్ పెట్టండి. ఐదు వరసల ప్యాక్ 21 వోల్టుల దగ్గర చూపాలి. డబ్బా మీద 18 అని ఉన్నా, 20 మ్యాక్స్ అని ఉన్నా లోపల అవే ఐదు వరసలు. ఒకరు సగటు వోల్టేజీ రాస్తారు, ఇంకొకరు నిండుగా ఉన్నప్పటిది రాస్తారు, అంతే. 12 వోల్టుల చిన్న డ్రిల్లులో మూడు సెల్స్ ఉంటాయి. మీటరు 21 చూపించి, ట్రిగ్గర్ నొక్కగానే కుప్పకూలితే సెల్స్ అరిగినట్టు. కాంటాక్టుల్లో సిమెంటు దుమ్ము పేరుకుని ఉంటే మాత్రం ముందు అది దులపండి. అంతకే బాగయ్యే బ్యాటరీలు ఉంటాయి.

పాత నికెల్ కాడ్మియం డ్రిల్లు ఉన్నవాళ్లకు ఈ వ్యాసం పనికిరాదు. వాటిలో 18 వోల్టులకు 1.2 వోల్టులవి పదిహేను సెల్స్ ఉంటాయి. వాటి బదులు లిథియం పెట్టి, పాత ఛార్జర్‌తోనే ఛార్జ్ చేస్తే ఆ ఛార్జర్‌కు ఎక్కడ ఆపాలో తెలియదు. ఇల్లు కాలుతుంది.

ఇంకో చిక్కు బోర్డుతో, అంటే సెల్స్‌కు కాపలా కాసే లోపలి సర్క్యూట్‌తో. కొన్ని కంపెనీల ప్యాక్‌లలో బోర్డు తప్పును గుర్తుపెట్టుకుని లాక్ అయిపోతుంది. ఛార్జర్ పదేపదే ఎర్ర లైటు కొట్టి తిరస్కరించిన ప్యాక్ అయితే ఎంత మంచి సెల్స్ వేసినా లేవకపోవచ్చు. మీ మోడల్‌కు ఆ జబ్బు ఉందేమో ముందే కనుక్కోండి. ఉంటే కొత్త ప్యాక్ కొనడమే మేలు.

సామాను

టి10 సెక్యూరిటీ టార్క్స్ బిట్టు (మధ్యలో చిల్లున్న నక్షత్రం మొన), మల్టీమీటర్, సైడ్ కట్టర్, స్పాట్ వెల్డర్, నికెల్ పట్టీ, బార్లీ పేపర్ రింగులు (కరెంటు దాటనివ్వని మందపాటి కాగితం), కాప్టన్ టేపు (వేడికి తట్టుకునేది), కళ్లద్దాలు, పక్కన ఇనప బకెట్‌లో పొడి ఇసుక. వేలికి వెంకన్న ఉంగరం, చేతికి కడియం ఉంటే తీసి జేబులో పెట్టుకోండి. ప్లస్సుకూ మైనస్‌కూ మధ్య ఉంగరం ఆనితే వేలు కాలుతుంది.

సెల్స్ మాత్రం చూసి కొనాలి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. అది సైజు మాత్రమే, నాణ్యతకు సర్టిఫికెట్ కాదు. 9900 ఎంఏహెచ్ అని అచ్చేసిన సెల్ కనిపిస్తే అటు తిరిగి కూడా చూడకండి. ఆ సైజులో నిజాయితీగా పట్టేది 3600కు అటూ ఇటూ. డ్రిల్లుకు నేను వేసేది శామ్‌సంగ్ 25ఆర్, లేకపోతే మోలీసెల్ పీ26ఏ. మొదటిది 2500 ఎంఏహెచ్, 20 ఆంపియర్లు ఇస్తుంది. రెండోది 2600 ఎంఏహెచ్, 35 ఆంపియర్లు. మిగతావి వద్దు. తూకం కూడా వేసి చూడండి. అసలైన సెల్ 45 గ్రాములకు దగ్గర్లో ఉంటుంది, నకిలీ చేతిలో తేలికగా తెలిసిపోతుంది.

బ్యాటరీకి పేరున్న ఊరు మనది. కరకంబాడిలో అమరరాజా ఉంది. తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో లిథియం సెల్స్ ట్రయల్ తయారీ కూడా 2022లో మొదలైంది, కాకపోతే అవి ఫోన్లకూ పవర్ బ్యాంకులకూ పనికొచ్చే రకం. డ్రిల్లు సెల్స్ కోసం నేను సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కే పోతాను. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కొనండి గానీ, మీటరు పెట్టి చూడకుండా సెల్ తీసుకోవడం నాకు చేతకాదు.

విప్పడం

బ్యాటరీని ముందు డ్రిల్లులోనే ఖాళీ చేయండి, నిండు ప్యాక్ విప్పొద్దు. స్క్రూలు తీయండి, నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఒక్కో సెల్ వోల్టేజీ చూడటానికి బోర్డు నుంచి వచ్చే సన్న వైర్లు ఏది ఎక్కడిదో కాగితం మీద రాయండి. తర్వాత పట్టీలు ఒక్కోటిగా కత్తిరించండి. కట్టర్ నోట్లో ఎప్పుడూ ఒకే పట్టీ ఉండాలి, రెండు పడితే షార్ట్.

ఇక్కడ ఒక అలవాటు గురించి చెప్పాలి. లోపల చూస్తే నాలుగు సెల్స్ 3.5 దగ్గర, ఒకటి 1.2 దగ్గర కనిపిస్తుంది. "ఆ ఒక్కటి మార్చెయ్యన్నా, చాలు" అంటారు. చాలదు. కొత్తదానికి పాతవి సాటి రావు, కొన్నాళ్లకు ఆ నాలుగింటిలో ఇంకోటి పడుకుంటుంది. లెడ్ యాసిడ్ అలవాటున్నవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, పడిపోయిన సెల్‌ను పక్క బ్యాటరీతో తట్టి లేపుతారు. లిథియం సెల్ రెండు వోల్టులకంటే కిందికి జారి అలా ఉండిపోతే లోపలి రాగి కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడబడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ చేస్తుంది. లేచింది కదా అని సంబరపడితే ఛార్జింగ్‌లో ఉండగా అంటుకుంటుంది. మారిస్తే అన్నీ మార్చండి, అదీ ఒకే బ్యాచ్‌వి.

పట్టీ అతికించడం

ఇదొక్కటి నిదానంగా చదవండి. పాడయ్యేదంతా ఇక్కడే.

మొదటి మాట: సోల్డరింగ్ ఐరన్ సెల్‌కు ఆనకూడదు. ఐరన్ మొన 350 డిగ్రీలు. సెల్ లోపల ప్లస్‌నూ మైనస్‌నూ విడదీసే పలచని ప్లాస్టిక్ పొర 130 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడుతుంది. టంకం పట్టే దాకా ఐరన్ అదిమిపెడితే ఆ వేడంతా లోపలికి దిగుతుంది. "నేను గరుకు కాగితంతో రుద్ది, ఫ్లక్స్ వేసి, టక్కున తీసేస్తాను" అనే పెద్దమనుషులు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్లు కట్టిన ప్యాక్ ఆ రోజు పనిచేస్తుంది, కాదనను. ఆర్నెల్ల తర్వాత చూడండి. స్పాట్ వెల్డర్ అయితే వేడి క్షణంలో వెయ్యో వంతుల లెక్కలో, గుండుసూది తలంత చోట పుట్టి ఆరిపోతుంది. వెల్డర్ కొనలేకపోతే ఈ-బైక్ బ్యాటరీలు కట్టేవాళ్ల దగ్గరికి పోయి పట్టీలు వేయించుకోండి, పక్కనే నిలబడి.

రెండో మాట ఇంకా ముఖ్యం. సెల్ ప్లస్ వైపు దగ్గరగా చూడండి. మధ్యలో చిన్న బొడిపె, అది ప్లస్. దాని చుట్టూ మడతపడిన అంచు ఉంటుంది, దాని మీద రంగు తొడుగు కప్పి ఉంటుంది. ఆ అంచు ప్లస్ కాదు, మైనస్. సెల్ ఒళ్లంతా మైనస్సే. బొడిపెకూ అంచుకూ మధ్య ఎడం మిల్లీమీటర్ల లెక్క. మీరు వేసే నికెల్ పట్టీ బొడిపె మీంచి బయలుదేరి ఆ అంచు మీదుగానే పక్క సెల్‌కు పోతుంది. మధ్యలో అడ్డం ఉన్నది ఆ పలచని తొడుగొక్కటే. డ్రిల్లు వణుకుతుంది, హ్యామర్ మోడ్‌లో మరీను. పట్టీ అంచు రోజూ రంపంలా ఆ తొడుగును కోస్తుంది. ఒకనాడు తెగుతుంది. అందుకే ప్రతి ప్లస్ మీదా బార్లీ పేపర్ రింగు అతికించాలి. రింగు రంధ్రంలోంచి బొడిపె మాత్రమే పైకి కనిపించాలి. రింగు ధర రూపాయి కూడా ఉండదు, అయినా దీన్నే ఎగ్గొడతారు. తొడుగు చిరిగిన సెల్ ఉంటే కొత్త తొడుగు వేయండి, టేపు చుట్టి సరిపెట్టొద్దు.

మూడోది పట్టీ. బజారులో నికెల్ అని అమ్మేదాంట్లో నికెల్ పూత పూసిన ఇనుము ఎక్కువ. గరుకు కాగితంతో రుద్ది ఉప్పు నీళ్లలో రాత్రంతా పడేయండి, పొద్దున తుప్పు కనిపిస్తే అది ఇనుమే. ఇనుము కరెంటును సరిగా పోనివ్వదు, వేడెక్కుతుంది. 8 మిల్లీమీటర్ల వెడల్పు, 0.15 మందం పట్టీ అయితే డ్రిల్లుకు రెండు పొరలు వేయండి.

ఇప్పుడు వెల్డింగ్. ముందు ఖాళీ అయిన పాత సెల్ మీద సెట్టింగ్ సరిచూసుకోండి. తక్కువైతే పట్టీ స్టిక్కర్‌లా ఊడి వస్తుంది. ఎక్కువైతే నిప్పురవ్వలు లేచి చిల్లు పడుతుంది. మైనస్ వైపు చిల్లు పడితే తియ్యటి వాసన వస్తుంది. ఆ సెల్‌ను వెంటనే ఆరుబయట ఇసుకలోకి వేయండి. సెట్టింగ్ సరిగ్గా కుదిరిందని తెలిసేది పట్టకారతో పీకినప్పుడే: పట్టీ చిరగాలి, చుక్కలు మాత్రం సెల్‌ను వదలకూడదు. ఒక్కో చివరకు ఆరు చుక్కలు వేస్తాను నేను. నాలుగు చాలంటారు కొందరు, వాళ్ల ప్యాక్ వాళ్లిష్టం.

ప్రతి పట్టీకి ముందు సెల్ తల ఏ వైపు ఉందో వేలు పెట్టి చూడండి. ఒకటి తిరగబడినా మొత్తం వోల్టేజీ పడిపోతుంది; రెండేసి సెల్స్ పక్కపక్కన జంట కట్టి ఐదు జంటలు వరసగా వేసే పది సెల్స్ ప్యాక్‌లో అయితే జంట షార్టై పట్టీ ఎర్రబడుతుంది. సెల్స్ అన్నీ 0.02 వోల్టుల తేడాలోపే ఉండాలి. చాలా కంపెనీ బోర్డులు వోల్టేజీ కనిపెడతాయి తప్ప సెల్స్‌ను సమానం చేయవు. మీరు ఎగుడుదిగుడుగా వేస్తే అవి అలాగే ఉండిపోతాయి. పది సెల్స్ ప్యాక్ అయితే జంట కట్టే రెండూ ఒకే అంకె చూపాలి.

బోర్డు, మొదటి ఛార్జింగ్

మైనస్ ముందు, తర్వాత సన్న వైర్లు కింది నుంచి పైకి వరసగా, ప్లస్ చివర. బోర్డు మీద ఐరన్ పెట్టుకోవచ్చు, సెల్ మీద కాదు. సెల్స్ 3.6 దగ్గర ఉంటే, మీటరు ఒక కొన ప్యాక్ మైనస్ మీద ఉంచి రెండో కొనతో ఒక్కో వైరూ ముట్టుకుంటే మెట్లు ఇలా రావాలి: 3.6, 7.2, 10.8, 14.4, 18. ఒక్క మెట్టు తప్పినా విప్పండి. డబ్బా మూసేముందు వైరు ఎక్కడా నలగకుండా చూడండి.

మొదటి ఛార్జింగ్ పగటిపూట, గచ్చు మీద, మీరు పక్కన ఉండగా పెట్టండి. నిండాక ప్రతి సెల్ 4.15 నుంచి 4.2 మధ్య ఉండాలి. తేడా 0.05 దాటితే ఆ సెల్‌ను నమ్మొద్దు. ఎండాకాలంలో సైట్ నుంచి రాగానే వేడి బ్యాటరీని ఛార్జర్‌లో గుచ్చకండి, చల్లారనివ్వండి. బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నమంతా రేణిగుంట ఎండలో వదిలేసే అలవాటుంటే సెల్స్ మార్చి డబ్బులు తగలేసుకోకండి.

ఇంత తతంగం ఎందుకు, ఆన్‌లైన్‌లో చవక ప్యాక్ దొరుకుతుంది కదా అంటారా? దాని మీద 5 ఆంపియర్ అవర్ (5000 ఎంఏహెచ్) అని ఉంటే తూకం వేయండి. 18650 సైజులో అయితే దానికి పది సెల్స్ కావాలి, సెల్స్ బరువే 450 గ్రాములు. డబ్బాతో కలిపి కూడా 400 దాటకపోతే లోపల ఐదే ఉన్నాయి.

తీసేసిన పాత సెల్స్ రెండు చివర్లకూ టేపు వేసి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో ఇంటి బయట ఉంచండి. మున్సిపాలిటీ చెత్త బండిలో వేయొద్దు, లారీలో నలిగితే మంటే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. టూల్స్ డీలర్‌ను అడగండి, కాదంటే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. ఇనప సామాను కొట్టుకు మాత్రం వద్దు, అక్కడ సుత్తితో కొడతారు.