మేడ మీద పోర్షన్ ట్రాన్స్‌జెండర్ మనిషికి అద్దెకివ్వాలంటే

మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు సొంతిల్లు, కింద మేం ఉంటాం, పైన ఒక పోర్షన్ ఉంది. మూడేళ్ల కిందట ఆ పోర్షన్లోకి ఒక ట్రాన్స్ మహిళ దిగారు, ఇప్పటికీ ఉన్నారు. అప్పట్నించి తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఫోన్ చేసి "మా ఇంటికీ అలాటివాళ్లొచ్చి అడుగుతున్నారు, ఏం చెయ్యాలి" అంటున్నారు, అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసేస్తే పోతుంది కదా అని రాస్తున్నా. నేను బయటి మనిషిని, వాళ్ల బతుకు లోపల్నించి నాకు తెలీదు, ఇల్లుగలావిడగా నాకు తెలిసినంత వరకే చెప్తాను.

ముందు ఫోన్ దగ్గరే మొదలవుద్ది. గొంతు వినగానే "ఫ్యామిలీకే ఇస్తాం అండీ" అని పెట్టేయకండి. ఆమె మా ఇంటికి రాకముందు 11 ఇళ్లు తిరిగారట, ఫోన్లో రమ్మన్నవాళ్లే మనిషిని చూసాక "మా ఆయన్ని అడిగి చెప్తా" అనేవారట, ఆ ఆయన అక్కడే కుర్చీలో కూర్చుని పేపర్ చదువుకుంటున్నా సరే.

ఇల్లు చూడ్డానికి వచ్చాక ఏం అడగాలి? అందర్నీ ఏం అడుగుతామో అదే. ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు, అడ్వాన్సు ఎప్పుడిస్తారు, మోటారు వేసే టైం ఇది, కరెంటు మీటరు విడిగా ఉంది. ఆమె చీరలకి ఫాల్స్ కుడతారు, జిగ్‌జాగ్ వేస్తారు, మిషను పెట్టుకోవచ్చా అని ఆమే అడిగారు. ఆపరేషన్ అయిందా, ఎప్పట్నించి ఇలాగ, ఇంట్లోవాళ్లు వదిలేసారా, ఇలాంటివి మాత్రం వద్దు. అంతకుముందు అదే పోర్షన్లో ఒక బ్యాంకు కుర్రాడు ఉండేవాడు, అతన్ని నేను ఒక్కనాడైనా వంటి మీద ఏం కోతలున్నాయని అడిగానా?

పిలవడం గురించి. "ఏమని పిలవమంటారు" అని ఒక్కసారి అడిగితే చాలు, ఆ పేరే వాడండి. వచ్చాడా అనాలా వచ్చింది అనాలా అని కంగారు పడతారు గాని మన తెలుగులో "వచ్చారు" ఉంది కదా, గారు ఉంది కదా, తెలీనప్పుడు ఆ మర్యాద మాట ఎవరికైనా సరిపోద్ది. తెలిసాక మాత్రం ఆమె అంటే ఆమే. పాయింట్ ఫైవ్, తేడా, కొజ్జా, ఇలాంటివి మన ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి, ఆమె లేనప్పుడు కూడా, ఎందుకంటే పిల్లలు మనం లేనప్పుడు అనుకున్నవే ముందు నేర్చుకుంటారు.

అద్దె దగ్గర నేను తప్పు చేసాను, మీరు చెయ్యకండి. ఆ పోర్షన్ 5000కి ఇచ్చేదాన్ని, ఆమెకి 6000 చెప్పాను, లోపల ఏదో భయం, ఆ భయానికి నేనొక రేటు కట్టుకున్నాను. ఆమె ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. రెండు నెలలు పోయాక అర్థమయ్యింది, 11 గుమ్మాల్లో కాదనిపించుకున్న మనిషి పన్నెండో గుమ్మంలో బేరం ఎలా ఆడుతుంది? తర్వాత రెండు నెలల అద్దెలో ఆ ఎక్కువ తగ్గించీసాను, నెలకి 5000 అని పుస్తకంలో రాసిచ్చాను.

అగ్రిమెంటు తప్పకుండా రాయండి, మామూలుగా అందరికీ రాసే 11 నెలలదే. ఆధార్‌లో పాత పేరు ఉంటే అదీ, ఇప్పటి పేరూ రెండూ "ఉరఫ్" పెట్టి రాయించండి, కానీ ఆ పాత పేరు వీధిలో ఎవరికీ చెప్పకండి, అది మన నోటితో బయటకి పోకూడదు. ఆ కాగితం ఆమెకి చాలా అవసరం. ఎన్టీఆర్ భరోసాలో ట్రాన్స్‌జెండర్లకి నెలకి 4000 పింఛను ఉంది, ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చి ఇస్తారు, ఆధార్ అడ్రసు మార్చుకోవాలన్నా ఇంకోటన్నా ఉన్న చోటికి ఒక రుజువు కావాలి కదా.

ఇంక అసలు సంగతి, ఇరుగుపొరుగు. ఆమె వచ్చిన మొదటి రోజే నేను "నాకేం అభ్యంతరం లేదమ్మా, వీధిలోవాళ్లు ఒప్పుకోరేమో" అన్నాను. ఆమె "ఎవరు పిన్నిగారూ? చెప్పండి, నేనే వెళ్లి మాట్లాడతాను" అన్నారు. నాకు ఒక్క పేరు కూడా నోటికి రాలేదు. ఎదురింటివాళ్లనా? వాళ్లనేం అడిగాను నేను? పక్కింటి మాస్టారు? ఆయనకి ఇల్లు ఖాళీగా ఉందని కూడా తెలీదు. వీధి పేరు పెట్టి నా మాటే చెప్తున్నానని అక్కడ గుమ్మంలో నించునే తెలిసింది. తాళం తెచ్చి ఇల్లు చూపించాను.

తర్వాత నిజంగానే ఒకావిడ వచ్చారు, "ఏటమ్మా, పిల్లలున్న వీధి, ఇలాగ చేసీసావేటి" అని. వాదించకండి. "ఆమె ఏం చేసారు చెప్పండి, నేనే అడుగుతాను" అనండి, అంతే. చెప్పడానికి ఏమీ ఉండదు. ఖాళీ చేయించమని గుంపుగా వస్తే మాత్రం తెలిసుండాలి, 2014లోనే సుప్రీంకోర్టు వీళ్ల గుర్తింపుని ఒప్పుకుంది, 2019లో వచ్చిన చట్టంలో అద్దెకుండే హక్కు విషయంలో వివక్ష చూపించకూడదని ఉంది, ఇంట్లోంచి గాని ఊళ్లోంచి గాని బలవంతంగా పంపేస్తే 6 నెలల నించి 2 ఏళ్ల దాకా జైలని రాసారు. ఇద్దరు మగవాళ్లో ఇద్దరు ఆడవాళ్లో జంటగా కలిసి ఉంటామన్నా ఇదే పద్ధతి, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పాక అది నేరం కాదు, గదిలో ఎన్ని మంచాలున్నాయో చూడాల్సిన పని మనకి లేదు.

పిల్లలకైతే పెద్ద వివరం అక్కర్లేదు. మా మనవడు "అమ్మమ్మా, పైన ఆంటీ గొంతు మామయ్యలాగ ఉందేటి" అన్నాడు, "ఆమె గొంతు అంతే నాన్నా" అన్నాను, సరే అని ఆడుకోడానికి పోయాడు.

పండగలప్పుడు జాగ్రత్త. మాకు పైడితల్లమ్మ జాతరలో సిరిమానుకి, ముందురోజు తొలేళ్లకి ఇంటినిండా చుట్టాలు. మొదటి ఏడు ఆమే "మీకెందుకు ఇబ్బంది, రెండ్రోజులు ఎక్కడైనా ఉంటాను" అని వెళ్లిపోయారు, నేనూ ఆపలేదు. అద్దె కడుతున్న ఇంట్లోంచి ఆమెని పండగ పూట పంపించీసాను, అది ఇప్పటికీ బాధే. మరుసటి ఏడు వారం ముందే చెప్పాను ఎక్కడికీ వెళ్లొద్దని. ఆ ఏడు మా వదిన కొత్త చీర పట్టుకుని ఫాల్ కుట్టించుకోడానికి పైకెళ్లి గంటన్నర దిగలేదు, దిగాక "అద్దె ఎంత తీసుకుంటన్నావే" అని అడిగింది, 5000 అంటే "ఆ మెట్లకి రెయిలింగ్ కూడా లేదు, ఎక్కువే" అంది. రెయిలింగ్ వేయించాం.

ఒకటి మర్చిపోయాను. గేటుకి కట్టిన టులెట్ బోర్డు మీద "ఫ్యామిలీలకు మాత్రమే" అని ఉంటే తుడిచేయండి, అది చూసి చాలామంది ఫోన్ కూడా చెయ్యరు.