గుండె లయ తప్పినవాళ్లు మోటోక్రాస్ సీజన్‌కు ముందు చూసుకోవాల్సినవి

మోటోక్రాస్ అంటే మట్టి ట్రాక్ మీద గుట్టలు దూకుతూ సాగే బైక్ రేసు. వానలు తగ్గి ట్రాక్ మట్టి కాస్త గట్టిపడగానే డర్ట్ బైక్‌లు షెడ్లలోంచి బయటికొస్తాయి. చైన్, ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్లు అందరూ చూసుకుంటారు. గుండె కొట్టుకోవడంలో తేడా ఉందని డాక్టర్ చెప్పినవాళ్లకు మాత్రం బండి కంటే ముందు చూసుకోవాల్సిన పని వేరే ఉంది.

"పరిగెత్తేది బండే కదా, మనకేం శ్రమ" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజం అందుకు పూర్తిగా వ్యతిరేకం. రేసు నడుస్తున్నంతసేపూ రైడర్ గుండె తన గరిష్ఠ వేగంలో 90 శాతానికి అటూ ఇటూ కొట్టుకుంటుంది. అంతర్జాతీయ పోటీల్లో ఒక్కో మోటో, అంటే ఒక్కో విడత రేసు, 30 నిమిషాలు, దాని మీద మరో 2 ల్యాప్‌లు. హ్యాండిల్ బిగించి పట్టుకోవడంతో బీపీ పెరుగుతుంది. స్టార్ట్ గేట్ దగ్గర నిలబడ్డప్పుడే ఆ టెన్షన్‌కు అడ్రినలిన్ ఉరకలేస్తుంది. హెల్మెట్, బూట్లు, ఆర్మర్ లోపల ఒళ్లు ఉడికిపోతూ నీరు, లవణాలు చెమటలో పోతాయి. లయ తప్పే స్వభావం ఉన్న గుండెను రెచ్చగొట్టేవి ఇవే. జిమ్‌లో కళ్లు తిరిగితే కూర్చుంటాం. టేబుల్‌టాప్ (పైభాగం చదునుగా ఉండే మట్టి గుట్ట) మీద గాల్లో ఉన్నప్పుడు ఆ రెండు సెకన్లూ దొరకవు.

ముందు మీ జబ్బు పేరు తెలుసుకోండి. "దడ ఉంది" అన్నది జబ్బు పేరు కాదు. అప్పుడప్పుడు ఒక బీట్ ముందే పడే ఎక్టోపిక్స్ చాలామందిలో ఉంటాయి, గుండె నిర్మాణం బాగుంటే ఎక్కువసార్లు ప్రమాదం లేనివే. ఎస్వీటీ, డబ్ల్యూపీడబ్ల్యూ లాంటివి గుండెలో కరెంటు దారి తప్పి ఒక్కసారిగా దడ తెచ్చే జబ్బులు. వాటిని అబ్లేషన్‌తో (తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, తేడా చేసే చోటును మాడ్చేయడం) చాలావరకు నయం చేయొచ్చు. గుండె కింది గదుల నుంచి పుట్టే వెంట్రిక్యులర్ టాకికార్డియా అనే వేగపు దడ, కుటుంబంలో వంశపారంపర్యంగా వచ్చే గుండె కండర జబ్బులు వేరే కోవ. వాటిలో కొన్ని గట్టి వ్యాయామంతోనే ముదురుతాయి. వయసులో ఉన్న బంధువెవరైనా హఠాత్తుగా కుప్పకూలి చనిపోయి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

ఇక ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె పైగదులు లయ లేకుండా వణికే జబ్బు, అందరూ ఏఫిబ్ అనేది. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను: చాలామంది రైడర్లు గుండె తట్టుకుంటుందా లేదా అనే ఆలోచనలోనే ఉండిపోతారు, అంతకంటే పెద్ద ప్రశ్న మందుల డబ్బాలో ఉంటుంది. ఏఫిబ్‌లో గుండె పైగదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. దాన్ని ఆపడానికి అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగట్రాన్, వార్ఫరిన్ లాంటి బ్లడ్ థిన్నర్స్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు) ఇస్తారు. వాటి మీద ఉన్నవాళ్లు దెబ్బలు తగిలే ఆటలు ఆడవద్దని యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మోటోక్రాస్‌లో పడటం ఆటలో భాగం. 2021 జనవరిలో సౌదీ అరేబియాలో జరిగిన డాకార్ ర్యాలీలో భారత రైడర్ సి.ఎస్. సంతోష్ అంతటి అనుభవజ్ఞుడే పడిపోయి తలకు తీవ్ర గాయమైంది. అలాంటి దెబ్బ థిన్నర్ మీద ఉన్న మనిషికి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అలాగని రేసు రెండ్రోజుల ముందు మాత్ర ఆపేయడం పరిష్కారం కాదు. అది పక్షవాతంతో పందెం. డాక్టర్‌ను అడగాల్సింది వేరు: "నా వయసుకు, నా బీపీ, షుగర్‌లకు ఈ థిన్నర్ నిజంగా అవసరమా? ఎంతకాలం?" ఇతర జబ్బులేమీ లేని చిన్న వయసువాళ్లకు చాలాసార్లు అవసరం ఉండదు. అవసరమే అంటే జంప్‌లు, రేసులు పక్కన పెట్టాల్సిందే. ఆ సంగతి విన్నాక కూడా బండెక్కేవాళ్లు ఉంటారు. కనీసం ఇది గుర్తుంచుకోండి: తల నేలకు తగిలితే లేచి నడవగలిగినా సరే, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి థిన్నర్ సంగతి మొదటి మాటగా చెప్పాలి. లోపల రక్తస్రావం గంటల తర్వాత కూడా బయటపడుతుంది.

పరీక్షల్లో ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), హోల్టర్ (రోజంతా ఒంటికి పెట్టి గుండె లయను నమోదు చేసే పరికరం), థైరాయిడ్, పొటాషియం, మెగ్నీషియం మామూలే. ట్రెడ్‌మిల్ టెస్ట్ విషయంలో ఒక మెలిక ఉంది. సాధారణంగా వయసుకు తగ్గ గరిష్ఠ వేగంలో 85 శాతం చేరగానే ఆపేస్తారు. మీరు ట్రాక్ మీద దాన్ని దాటే నడుస్తారు. కాబట్టి మీ ఆట ఎలాంటిదో ముందే చెప్పి, ఓపిక అయిపోయేదాకా పరిగెత్తించమని అడగండి. వీలైతే గుండె లయ మీదే పనిచేసే ఎలక్ట్రోఫిజియాలజిస్టును కలవండి.

దడ వచ్చినప్పుడే వేసుకోమని ఫ్లెకనైడ్ మాత్ర ఇచ్చారా? వేసుకున్నాక దాని ప్రభావం దిగేవరకు, దాదాపు రెండు రోజులు, గట్టి వ్యాయామం చేయకూడదు. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవాళ్లకు పల్స్ అంతగా పెరగదు, త్వరగా అలసట వస్తుంది. గడియారంలో అంకె తక్కువుందని ఇంకా తొక్కొచ్చు అనుకోవద్దు. జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్, ఎనర్జీ డ్రింకులు, ప్రీ వర్కవుట్ పౌడర్లు సీజన్లో వద్దు. రేసు ముందు రోజు రాత్రి మందు పార్టీ అసలే వద్దు. థిన్నర్ ఉన్నవాళ్లు ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోకూడదు. జ్వరం వచ్చి తగ్గినా, గుండె కండరానికి వాపు వచ్చిందని తేలితే నెలల తరబడి విశ్రాంతి తప్పదు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతే థిన్నర్ సంగతి డాక్టరే చూడాలి.

స్మార్ట్‌వాచ్‌ను ట్రాక్ మీద నమ్మకండి. బిగించిన మణికట్టు, హ్యాండిల్ వణుకు కలిసి అంకెలను పాడు చేస్తాయి. ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ నయం. వాచ్ ఈసీజీ కదలకుండా కూర్చున్నప్పుడే పనికొస్తుంది, పిట్‌లో దడ వచ్చినప్పుడు తీసి దాచుకుంటే డాక్టర్‌కు చూపించొచ్చు.

పేస్‌మేకర్, ఐసీడీ (లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ కొట్టి సరిచేసే పరికరం) ఉన్నవాళ్లు ఇంకో కోణం చూడాలి. ఆ పెట్టె సాధారణంగా ఎడమ కాలర్‌బోన్ కిందే ఉంటుంది, మోటోక్రాస్‌లో తరచూ విరిగేదీ కాలర్‌బోనే. దెబ్బకు దాని నుంచి గుండెలోకి వెళ్లే తీగ తెగొచ్చు. ఐసీడీ షాక్ కొట్టే క్షణంలో మీరు గాల్లో ఉండొచ్చు. నా దృష్టిలో వీళ్లకు ఈ ఆట సరిపడదు.

డాక్టర్ సరే అన్నవాళ్లు ఒంటరిగా ప్రాక్టీసుకు వెళ్లొద్దు. చెస్ట్ ప్రొటెక్టర్ తప్పనిసరి. తోడొచ్చినవాళ్లకు సీపీఆర్ రావాలి: ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ట్రాక్ నుంచి 108కి లొకేషన్ చెప్పగలగాలి, ఏఈడీ (కుప్పకూలినవాళ్ల గుండెకు బయటి నుంచి షాక్ ఇచ్చే యంత్రం) ఎక్కడుందో ముందే అడిగి పెట్టుకోవాలి. హెల్మెట్ మీదో జేబులోనో జబ్బు, మందులు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబర్ రాసిన కార్డు ఉండాలి. ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, ఆగని దడ, ఎప్పుడూ లేనంత ఆయాసం వస్తే ల్యాప్ పూర్తిచేద్దామనుకోకండి. థ్రాటిల్ వదిలి, వెనుక వచ్చేవాళ్లకు చేయెత్తి, ట్రాక్ పక్కకు వచ్చేయండి. స్పృహ తప్పితే కారణం తేలేవరకు ఆ సీజన్ పక్కన పెట్టాలి.

ఏఫిబ్‌కు అబ్లేషన్ చేయించుకున్నవాళ్లు తొందరపడొద్దు. తొడ దగ్గరి గాయం వారంలో మానినా, ఆ తర్వాత కనీసం రెండు మూడు నెలలు థిన్నర్ వాడిస్తారు. అది ఆపమని డాక్టర్ చెప్పేదాకా జిమ్‌లో స్టేషనరీ సైకిలే తొక్కండి.