ఊరు నగరమైన చరిత్ర రాసేదెలా: విజయనగరం పక్కన చెల్మ్స్‌ఫర్డ్

విజయనగరం చరిత్ర మీద కాలేజీ ప్రాజెక్టు రాస్తూ పోలికకు ఒక ఇంగ్లండు ఊరు కావాలనుకుంటే చెల్మ్స్‌ఫర్డ్ తీసుకోండి. అక్కడి పురపాలక సంఘమూ మన మున్సిపాలిటీ కూడా 1888లోనే ఏర్పడ్డాయి.

ముందు ఒక పెద్ద కాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి: సంత, మున్సిపాలిటీ, ఎదుగుదల, నగర హోదా. దొరికిన ప్రతి తేదీనీ వీటిలో ఒక్కదాంట్లోనే వేయాలి. గడులు కలిపేస్తేనే వ్యాసం చెడేది.

సంత గడి తేలిక. 1199లో జాన్ రాజు లండన్ బిషప్‌కు చెల్మ్స్‌ఫర్డ్‌లో వారం వారం సంత పెట్టుకునే పట్టా ఇచ్చాడు. మన సంతల్లో ఆశీలు పాట చూసినవాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు. ఎదుగుదల గడిలో 1100 ప్రాంతంలో కట్టిన వంతెన, 1843లో వచ్చిన రైలు, 1898లో మార్కోని పెట్టిన వైర్‌లెస్ ఫ్యాక్టరీ వేయండి. ఇవి ఊరిని పెంచాయి, నగరం చెయ్యలేదు.

నాలుగో గడి దగ్గరే తడబడతారు. బ్రిటన్‌లో ‘సిటీ’ అనేది రాజుగానీ రాణిగానీ ఇచ్చే బిరుదు. దాంతో అదనంగా అధికారమూ రాదు, నిధులూ రావు. కెథీడ్రల్, అంటే బిషప్ పీఠం ఉన్న చర్చి ఉంటేనే సిటీ అని చాలామంది రాసేస్తారు. ఎనిమిదో హెన్రీ 1540ల్లో కొత్త బిషప్ పీఠాలు పెట్టిన ఊళ్లు సిటీలయ్యాయి కాబట్టి ఆ నమ్మకం పాతుకుపోయింది. కానీ బర్మింగ్‌హామ్ 1889లో, కెథీడ్రల్ లేకుండానే సిటీ అయింది. చెల్మ్స్‌ఫర్డ్ చర్చి 1914లో కెథీడ్రల్ అయినా, ఎలిజబెత్ రాణి పాలనకు అరవై ఏళ్లు నిండిన సందర్భంలో, 2012 మార్చి 14న గానీ ఊరికి సిటీ హోదా ప్రకటించలేదు. అంటే 98 ఏళ్లు ఆగింది. హోదా పోవడం కూడా ఉంది: 1998లో స్థానిక పాలన పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు, హోదాను నిలిపే ప్రతినిధులను నియమించక ఇంగ్లండులోని రోచెస్టర్ దాన్ని పోగొట్టుకుంది.

కాబట్టి ‘సిటీ’ని ‘కార్పొరేషన్’ అని అనువదించకండి. మనది చట్టం ప్రకారం జరిగే మార్పు. చైర్మన్ పోయి మేయర్ వస్తారు, వార్డులు పోయి డివిజన్లు వస్తాయి. విజయనగరానికి రెండు తేదీలు రాయాలి: 2015లో హోదా పెంపు, 2021 మార్చిలో కార్పొరేషన్‌కు తొలి ఎన్నికలు. ఒక్కటే వేస్తే పట్టిక తప్పుతుంది.

జనాభా పోల్చేటప్పుడు హద్దు ఏదో పక్కనే రాయండి. 2011లో చెల్మ్స్‌ఫర్డ్‌కు చెప్పే 1.68 లక్షల్లో చుట్టుపక్కల పల్లెలూ ఉన్నాయి. విజయనగరం 2.28 లక్షలు పట్టణానివే.

ఇక పాత కాగితాలు. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకుముందువాటి కోసం విశాఖపట్నం జిల్లా పేరుతో వెతకాలి. 1907 గెజిటీర్ (జిల్లా వివరాల పుస్తకం) అక్కడే ఉంటుంది. విజయనగరం బదులు శ్రీకాకుళం తీసుకునేవాళ్లకు ఇంకొంచెం పని. పాత ఇంగ్లీషు రికార్డుల్లో అది ‘చికాకోల్’, 1936 దాకా గంజాం జిల్లాలో ఉంటుంది, ఆ తర్వాత 1950 వరకు విశాఖపట్నంలో. ‘శ్రీకాకుళం’ అని మాత్రమే వెతికితే ఒక్కోసారి కృష్ణా జిల్లాలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు తగులుతుంది. అది వేరే శ్రీకాకుళం.