కుండీ మొక్కల వైద్యం, 3వ పాఠం: కొరికిందా, పీల్చిందా?

ఆకు వెనకవైపు చూడటం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఇప్పుడు చూసినదాన్ని బట్టి పురుగేదో తేల్చాలి. ఆకులో ముక్క పోయిందా? అయితే కొరికే పురుగు. ఆకు మొత్తం ఉండి ముడుచుకుందా, పాలిపోయిందా, జిగురుగా ఉందా? అయితే రసం పీల్చేది. ఇది తేలకుండా మందుల షాపుకి వెళ్లొద్దు.

నందివర్ధనానికి రాత్రికి రాత్రే కొమ్మ చివర్లు బోడిగా అయిపోతాయి, పురుగు మాత్రం కనబడదు. ఆకుల్లో వెతక్కండి, నేల చూడండి. మిరియం గింజంత పెంటికలు రాలి ఉంటాయి. సరిగ్గా వాటి పైకొమ్మ మీదే ఉంటాడు దొంగ: ఆకుపచ్చగా, వేలంత లావున, తల దగ్గర రెండు నీలి కళ్లతో. ఆ కళ్లు ఉత్తుత్తివే, బెదిరించడానికి. కరవదు, కుట్టదు. చేత్తో తీసేయండి. ఒకటి రెండు పురుగులకు మందు కొట్టడం దండగ.

గులాబీ ఆకు అంచున గుండ్రంగా, నున్నగా ముక్క పోతే అది ఒక రకం తేనెటీగ పని. గూటికి పట్టుకుపోతుంది, తినదు. వదిలేయండి.

మందారది వేరే కథ. చిగురు ముద్దకట్టి ఎదగదు. విప్పితే లోపల తెల్లగా దూది పింజల్లాంటివి కనిపిస్తాయి. అదే పిండినల్లి. దాని లాలాజలంలోని విషం వల్లే ఆ ముడత. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు బారులు కడతాయి. ఆ జిగురు కింది ఆకుల మీద పడి నల్లటి మసి పడుతుంది. మసి చూసి తెగులనుకుని శిలీంధ్రనాశిని కొడతారు చాలామంది. అసలు దోషి పై కొమ్మలో హాయిగా ఉంటుంది. ముద్దకట్టిన చిగుళ్లు కత్తిరించి, కవర్లో మూటకట్టి పారేయండి. కుండీ పక్కన పడేస్తే మళ్లీ పైకి పాకుతాయి.

ఇక మన విశాఖ తంటా ఉప్పుగాలి. లాసన్స్ బే కాలనీ డాబాల మీద ఆకుల అంచులు గోధుమరంగులో మాడితే పురుగుని అనుమానించే ముందు రెండు సంగతులు గమనించండి. మాడినవి ఎక్కువగా సముద్రం వైపు ఆకులేనా? పక్కనున్న వేరే జాతి మొక్కలకీ అంతేనా? రెండింటికీ అవునైతే ఉప్పే. మంచినీళ్లతో ఆకులు కడిగితే చాలు.

ఈ వారం అభ్యాసం: పాలిపోయిన కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తట్టండి. రాలిన చుక్కలు కదిలితే నల్లి (మైట్. పైన చెప్పిన పిండినల్లి కాదు, చుక్కంతే ఉండే రసం పీల్చేది). వచ్చే పాఠంలో కాండం తొలిచే పురుగు, మొక్క మొదలు దగ్గర రాలే రంపపు పొట్టు.