అమ్మానాన్నలకు అమెరికా పౌరసత్వం వచ్చాక పిల్లలకు సర్టిఫికెట్: ఎన్-600

ఎన్-600 (పౌరసత్వ సర్టిఫికెట్ కోసం వేసే దరఖాస్తు ఫారం) పిల్లలకు పౌరసత్వం ఇవ్వదు. చట్టప్రకారం ఎప్పుడో వచ్చేసిన దానికి రుజువు మాత్రమే ఇస్తుంది. అందుకే ఫారం తెరిచే ముందు తేదీలు రాసుకోండి.

2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం పిల్లలకు 18 నిండకముందే ఇవన్నీ కలిసి రావాలి: తల్లి లేదా తండ్రి పౌరులై ఉండాలి, బిడ్డకు గ్రీన్ కార్డ్ ఉండాలి, పౌరసత్వం ఉన్నవారి సంరక్షణలో అమెరికాలోనే నివసిస్తుండాలి. ఏది ముందు, ఏది వెనక అన్న పట్టింపు లేదు. అన్నీ కుదిరిన రోజే బిడ్డ పౌరుడైన రోజు.

బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే. పేరెంట్ ఇంటర్వ్యూ పాసైన రోజు లెక్కలోకి రాదు, పౌరసత్వ ప్రమాణం చేసిన రోజే లెక్క. అప్పటికే 18 నిండితే ఆ పిల్లలు సొంతంగా ఎన్-400 (పెద్దవాళ్లు పౌరసత్వానికి వేసే దరఖాస్తు) వేసుకోవాల్సిందే. గ్రీన్ కార్డ్ కోసం సీఎస్‌పీఏ (గ్రీన్ కార్డ్ ఆలస్యంలో పిల్లల వయసును తగ్గించి లెక్కించే చట్టం) కింద తగ్గించిన వయసు ఇక్కడ పనికిరాదు, పుట్టినతేదీ ప్రకారం అసలు వయసే చూస్తారు. చదువు కోసం హైదరాబాద్‌లో అమ్మమ్మ దగ్గర ఉంచిన పిల్లలకు 'అమెరికాలో నివాసం' అన్న షరతు తప్పుతుంది. వాళ్లకు ఎన్-600కె (అమెరికా బయట ఉండే పిల్లలకు వేసే ఫారం) దారి కుదరవచ్చు, అది 18 నిండేలోపు ప్రమాణంతో సహా పూర్తవ్వాలి. సవతి తల్లి లేదా తండ్రి పౌరసత్వం, దత్తత తీసుకోనంత వరకూ, బిడ్డకు వర్తించదు.

జతచేయాల్సినవి: బిడ్డ బర్త్ సర్టిఫికెట్, గ్రీన్ కార్డ్ రెండు వైపులా కాపీ, పేరెంట్ నాచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ, మ్యారేజ్ సర్టిఫికెట్, విడాకులైతే డిక్రీ, కస్టడీ ఆర్డర్. ఒరిజినల్స్ ఇంటర్వ్యూకి అడగవచ్చు, దగ్గర ఉంచుకోండి.

మనవాళ్లకు చిక్కు వచ్చేది బర్త్ సర్టిఫికెట్ దగ్గరే. పేరు గడి ఖాళీగా ఉంటే, రిజిస్టర్ చేసిన మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ముందు పేరు ఎక్కించుకోండి. పుట్టిన ఏడాది దాటాక రిజిస్టర్ అయితే ఆసుపత్రి, స్కూలు రికార్డులు, దగ్గరి బంధువుల అఫిడవిట్లు కలిపి పంపండి. లేదంటే అదనపు ఆధారాలు కోరుతూ నోటీసు వచ్చి నెలలు పోతాయి. తెలుగులో ఉన్న కాగితానికి పూర్తి ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవారి సంతకంతో ధ్రువీకరణ కావాలి. నోటరీ అక్కర్లేదు. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటే ఆ సంగతి ఒక చిన్న లేఖలో రాయండి.

2024 ఏప్రిల్ నుంచి ఫీజు ఆన్‌లైన్‌లో 1,335 డాలర్లు, కాగితం మీద 1,385. వేసే రోజు మళ్లీ చూసుకోండి. 14 ఏళ్లు నిండిన పిల్లలను మామూలుగా ప్రమాణం చేయమంటారు.

అంత ఖర్చు ఇప్పుడే వద్దనుకుంటే ముందు పాస్‌పోర్ట్ తీసుకోవడం మంచిది. 16 లోపువారికి మొత్తం 135 డాలర్లు, డీఎస్-11 ఫారంతో. కానీ పాస్‌పోర్ట్‌కు గడువుంటుంది, సర్టిఫికెట్‌కు ఉండదు. ఎన్-600కి వయసు గడువు కూడా లేదు. 30 ఏళ్లకైనా వేయవచ్చు. అప్పుడు 18 లోపు పేరెంట్‌తో కలిసి ఉన్నట్టు స్కూలు, ట్యాక్స్ కాగితాలు వెతుక్కోవాలి. అవి పారేయకండి.

సర్టిఫికెట్‌తో సోషల్ సెక్యూరిటీ రికార్డు మార్పించండి. బిడ్డ ఇండియన్ పాస్‌పోర్ట్‌ను ఇక ప్రయాణానికి వాడకుండా సరెండర్ చేయండి. ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇండియా ఇచ్చే కార్డు) ఆ సరెండర్ కాగితం అడుగుతారు.