వానల్లో చవక ఇయర్‌బడ్స్: తడిసిన బడ్‌ని కేసులో పెట్టొద్దు

చెవిలో ఉండగానే ఇయర్‌బడ్ పేలిందన్న వార్త మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. అలాంటివి అరుదు. వానాకాలంలో చవక బడ్స్‌ని వరసబెట్టి పాడుచేసేది పేలుడు కాదు, ఒక అలవాటు: తడిసినదాన్ని అలాగే కేసులో పెట్టి మూత వేయడం.

"ఛార్జింగ్ పెట్టలేదు, ఊరికే లోపల దాచాను" అంటారు. కేసే ఛార్జర్. దాన్ని ప్లగ్‌కి పెట్టినా పెట్టకపోయినా, అందులో చార్జ్ ఉంటే చాలు, బడ్ కూర్చోగానే పిన్నుల్లోకి కరెంటు వస్తుంది. చాలా మోడళ్లలో అది సుమారు 5 వోల్టులు. పిన్నుల మధ్య చెమట చుక్క ఉందా, అందులోని ఉప్పు వల్ల కరెంటు ఆ చుక్క గుండా పారి ప్లస్ వైపు లోహాన్ని తినేస్తుంది. చవక వాటికి బంగారు పూత మరీ పల్చన. అది పోతే కింది నికెల్, రాగి బయటపడతాయి. బడ్ మీది కాంటాక్టుల్ని (కేసు పిన్నులకు తగిలే లోహపు చుక్కల్ని) వెలుతురులో చూడండి. ఒకటి మెరుస్తూ, పక్కది నల్లబడో చిలుము పట్టి ఆకుపచ్చగానో ఉంటే జరిగింది ఇదే. ఇక "ఎడమది ఛార్జ్ అవ్వట్లేదు" అన్న ఫిర్యాదు మొదలవుతుంది. బ్యాటరీ పోయిందని పారేస్తారు. చాలాసార్లు పోయింది కాంటాక్టే.

డబ్బా మీది అంకెలు

ఐపీఎక్స్ అంటే నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్. ఐపీఎక్స్4 అంటే చిందులకు తట్టుకుంటుంది, అంతే. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు. అయినా కుళాయి ధారకు ఆగుతుందన్న హామీ అందులో లేదు. పరీక్ష చేసేది కొత్త పీసు మీద, మంచినీళ్లతో. చెమటతో కాదు. పైగా ఆ అంకె సాధారణంగా బడ్స్‌కే. కేసుకు చాలావాటిలో ఏ రక్షణా ఉండదు.

తడిస్తే

మెత్తటి పొడిబట్టతో తుడవండి. రబ్బరు టిప్ తప్పకుండా ఊడదీయండి, దాని గొట్టం కింద నీరు దాక్కుంటుంది. శబ్దం వచ్చే జాలీ కిందికి ఉండేలా బట్ట మీద పెట్టి, గాలి తగిలేచోట రెండు మూడు గంటలు వదిలేయండి. కాంటాక్టుల్ని, కేసులోని పిన్నుల్ని పొడి దూదిపుల్లతో తుడిచాకే లోపల పెట్టండి. చిలుము కనిపిస్తే దూదిపుల్లకు కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది రుద్దండి. అది జాలీకి తగలకూడదు, జిగురు వదులుతుంది.

వైర్ రకంలో తీగ విడదీసే మోడల్ అయితే పిన్ను సాకెట్టు కూడా ఆరనివ్వండి.

ఇక మిగిలినవి:

- బియ్యంలో పెట్టకండి. పిండి, దుమ్ము జాలీలో ఇరుక్కుంటాయి. బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు మేలు.
- హెయిర్ డ్రయ్యర్ వద్దు. బడ్ బయటి చిప్పలు జిగురుతో అతికించినవి, వేడికి అది వదులవుతుంది.
- ఒకవైపు శబ్దం తగ్గితే ముందు గులిమి చూడండి. జాలీని సూదితో పొడవకండి. కిందికి వంచి పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి.
- బాస్ (పాటలోని గంభీరమైన కింది శబ్దం) ఒక్కసారిగా పోతే చిప్ప మీది సన్నటి గాలిరంధ్రంలో నీరు నిలిచి ఉండొచ్చు. ఆరనివ్వండి, నోటితో ఊదకండి.
- వర్కవుట్ అయ్యాక? తడి బడ్ కేసులో పెట్టకండి. వాన వెలిశాక? తడి బడ్ కేసులో పెట్టకండి. అర్జంటుగా బయల్దేరాలా? జేబురుమాలులో చుట్టి జేబులో వేసుకోండి, కేసులో మాత్రం పెట్టకండి.
- తడి చేత్తో కేసు మూత తీయకండి.
- ఛార్జింగ్ రంధ్రం తడిగా ఉంటే కేబుల్ గుచ్చకండి.
- ఫోన్ ఛార్జింగ్‌లో ఉండగా వైర్ ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకోకండి. నాసిరకం ఛార్జర్‌లో ఇన్సులేషన్ దెబ్బతింటే గోడ ప్లగ్ కరెంటు తీగ వెంట చెవిదాకా రావచ్చు.
- బడ్ గానీ కేసు గానీ ఉబ్బినా, అతుకు విచ్చుకున్నా, పట్టుకోలేనంత వేడెక్కినా వాడకం అక్కడికక్కడే ఆపండి. నొక్కి అతికించకండి. చెత్తబుట్టలో వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.