ఉన్నట్టుండి క్లచ్ పనిచేయకపోతే: గేర్‌బాక్స్ దించే ముందు చూడవలసినవి

ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ ప్లేటు మామూలుగా ఒక్క రోజులో అరిగిపోదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరిగినా బండి వేగం అందుకోదు, కాలిన వాసన వస్తుంది. ఇలా ఎన్నో రోజుల ముందు నుంచే హెచ్చరిస్తుంది. నిన్నటి దాకా బాగా నడిచిన బండికి ఈ రోజు గేర్లు పడటం లేదంటే, ముందుగా అనుమానించవలసింది ప్లేటును కాదు, పెడల్ మీద పెట్టిన కాలి బలం ప్లేటు దాకా చేరే దారిని. ఒకసారి గేర్‌బాక్స్ మొత్తం దించి, లోపల ఏ లోపమూ లేదని తేలాక, పెడల్ దగ్గర చిన్న పిన్ను ఊడిపోయి ఉండటం చూశాను. ఆ శ్రమంతా తప్పించుకోగలిగినదే.

బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజిన్ ఆపి గేర్లు మార్చి చూడండి. అప్పుడు అన్నీ సులువుగా పడి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రం పడకపోతే క్లచ్ విడవడం లేదు, అంటే ప్లేటు ఇంజిన్ నుంచి వేరుపడటం లేదు. ఇంజిన్ ఆపినా పడకపోతే గేర్ లివర్ నుంచి వెళ్లే కేబుళ్లనో, గేర్‌బాక్స్ లోపలి భాగాలనో చూడాలి. గేర్ పడినా ఇంజిన్ ఊరికే మోగుతూ బండి కదలకపోతే క్లచ్ పట్టకపోవడం కావచ్చు. ఈ మూడింటికీ వైద్యం వేరు.

పెడల్ నేలకు అంటుకుపోయింది, లేదా మెత్తబడింది

కేబుల్‌తో పనిచేసే క్లచ్ అయితే కేబుల్ తెగి ఉంటుంది, లేదా కొస ఊడి ఉంటుంది. కొత్తది వేసి, పెడల్‌కు బండి పుస్తకంలో చెప్పినంత వదులు ఉంచితే చాలు.

ఆయిల్‌తో పనిచేసేదైతే మొదట బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం చూడండి. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకటే డబ్బా. క్లచ్‌కు వెళ్లే గొట్టం అందులో కాస్త పైన ఉంటుంది కాబట్టి ఆయిల్ తగ్గగానే ముందు క్లచ్ పోతుంది, బ్రేకుకు కొంత మిగులుతుంది. అందుకే ఇది క్లచ్ సమస్యే కదా అని అలాగే నడపకండి. ఆ ఆయిల్ బ్రేకుల నుంచే కారుతూ ఉండవచ్చు.

కారడం ఎక్కడో వెతకండి. పెడల్ పైభాగంలో, దాని కింద పరిచిన కార్పెట్ మీద తడి ఉంటే కారేది మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కగానే ఆయిల్‌ను గొట్టంలోకి నెట్టేది. గేర్‌బాక్స్ పక్కన తడి ఉంటే స్లేవ్ సిలిండర్, అంటే ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసేది. ఇంజిన్‌, గేర్‌బాక్స్ కలిసే చోట అడుగు నుంచి బ్రేక్ ఆయిల్ చుక్కలు పడుతుంటే, స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే అమర్చిన రకం కావచ్చు. దానికి మాత్రం గేర్‌బాక్స్ దించక తప్పదు. ఎక్కడా కారకుండా, మట్టం తగ్గకుండా, తొక్కి పట్టిన పెడల్ మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు పోయిందని గట్టిగా అనుమానించవచ్చు. నాలుగైదు సార్లు వెంటవెంటనే తొక్కితే పెడల్ గట్టిపడుతోందంటే లోపల గాలి చేరి ఉండవచ్చు.

పోయిన సిలిండర్ మార్చి, గాలి తీసేయాలి. డబ్బా మూత మీద రాసి ఉన్న రకం బ్రేక్ ఆయిల్ మాత్రమే పోయండి. ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. తగ్గిన ఆయిల్ నింపి ఊరుకోవడం మరమ్మతు కాదు.

పెడల్ మామూలుగానే ఉంది, గేర్ పడటం లేదు

స్లేవ్ సిలిండర్ బయట ఉన్న బండి అయితే, ఇంజిన్ ఆపి ఒకరిని పెడల్ తొక్కమని, దాని కడ్డీ కదులుతోందో లేదో చూడండి. కదలకపోతే లోపం ఇంకా బయటే ఉంది. బాగా కదులుతున్నా క్లచ్ విడవకపోతే ఆ కదలికను లోపలికి అందించే ఫోర్కు విరిగి ఉండవచ్చు, క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు పాడై ఉండవచ్చు. తేమలో చాలా కాలం నిలిపి ఉంచిన బండిలో ప్లేటు తుప్పుతో, ఇంజిన్ చివర తిరిగే చక్రమైన ఫ్లైవీల్‌కు అతుక్కుపోవడమూ ఉంది.

ఇంజిన్ మోగుతోంది, బండి కదలదు

ముందు చక్రాలు లాగే కార్లలో గేర్‌బాక్స్ నుంచి వచ్చి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ ఊడినా ఇలాగే ఉంటుంది. ఇంజిన్ ఆపి, చక్రాల లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉందా, షాఫ్ట్ వేలాడుతోందా చూడండి. అక్కడ అంతా బాగుంటే లోపం క్లచ్ లోపలే ఉండే అవకాశం ఎక్కువ. ఎలాగూ దించుతారు కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు దాన్ని నొక్కే రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చండి. పాత ప్లేటుకు ఆయిల్ అంటి ఉంటే, అది కారిన సీలును మార్చకుండా కొత్త ప్లేటు బిగించవద్దు.

దారిలో ఆగిపోతే ఒక్క జాగ్రత్త. క్లచ్ విడవని బండిని గేర్‌లో ఉంచి స్టార్ట్ చేస్తే, పెడల్ పూర్తిగా తొక్కి ఉన్నా ముందుకు దూకుతుంది. న్యూట్రల్‌లో ఉందని చేత్తో కదిపి చూసుకున్నాకే తాళం తిప్పండి.